హాలు మధ్యలో టీపాయ్

టీపాయ్ కావాలని ఏ ఇంట్లోనూ ఎవరూ అడగరు. మంచం అడుగుతారు, బీరువా అడుగుతారు, పిల్లలు పెద్ద తరగతులకు వస్తే బల్లా కుర్చీ అడుగుతారు. పక్కింట్లో చూసి సోఫా కూడా అడుగుతారు. టీపాయ్ మాత్రం సోఫా వెనకాలే వస్తుంది. వచ్చిన రోజునే హాల్లో అన్నిటికన్నా మంచి చోటు, నట్టనడుమ చోటు, తనది చేసుకుంటుంది. ఎవరూ అడగని వస్తువుకు అంత మంచి చోటు ఎందుకివ్వాలన్న ప్రశ్న నేను ఉద్యోగంలో చేరిన రోజున వేసుకోవలసింది. పని మానేశాక వేసుకుంటున్నాను.

ఎనభయ్యో దశకమంతా నరసరావుపేటలో ఒక ఫర్నిచర్ దుకాణంలో పనిచేశాను. ఇళ్ళకు వెళ్ళి హాలు కొలవడం, ఏ సామాను సరిపోతుందో చెప్పడం, సామాను వచ్చాక దగ్గర నిలబడి ఎక్కడిది అక్కడ పెట్టించి రావడం నా పని. దానికి అప్పట్లో మా ఊళ్ళో పేరు లేదు. మా యజమాని మస్తాన్ సాయిబు నా కార్డు మీద 'డిజైనర్' అని అచ్చు వేయించాడు. జనం 'సామాను సర్దే ఆయన' అనేవాళ్ళు. జనం మాటే నిజానికి దగ్గర.

ఇప్పుడు ఈ పని నేర్చుకోవడానికి కాలేజీలున్నాయి. అక్కడ చదివిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, ఏ చెక్క మంచిది, ఏ రంగు నప్పుతుంది అని అడుగుతుంటారు. నాకు తెలిసింది చెబుతాను. వాళ్ళు అడగనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొలత సంగతి

మస్తాన్ సాయిబుకు రెండే సూత్రాలు. టీపాయ్ పెద్దదిగా ఉండాలి. దాని మీద గాజు ఉండాలి. గాజు ఎందుకని కొత్తలో అడిగాను.

"పగిలిద్ది గనక," అన్నాడు నవ్వకుండా. "టేకుచెక్క అమ్మామనుకో, కొన్నోడి మనవడు కూడా మన కొట్టు ముఖం చూడడు. గాజు అమ్మితే, పిల్లోడు బంతి ఎయ్యంగానే పరిగెత్తుకొస్తాడు."

"ఇది మోసం కాదా సాయిబుగారూ?"

"గాజు పగిలిద్దని తెలవకుండా కొనేవాడు ఉంటాడా? నువ్వు దేవుణ్ణి నమ్మవు, సరే. గాజునన్నా నమ్మవయ్యా."

ఆయన నన్ను 'నాస్తికం సారూ' అని పిలిచేవాడు. నమాజు వేళకు నా చేతిలో గల్లాపెట్టె తాళాలు పెట్టి, "నీకెటూ పన్లేదుగా, చూస్తా ఉండు" అని వెళ్ళేవాడు. మంచి యజమాని. మా ఇద్దరికీ టీపాయ్ విషయంలో తప్ప దేంట్లోనూ పేచీ రాలేదు.

కొలత విషయంలో నా పద్ధతి ఇది. టీపాయ్ కొనేముందు పాత పేపర్లు అతికించి, ఆ టీపాయ్ ఎంత ఉంటుందో అంత కత్తిరించి హాల్లో పరిపించేవాణ్ణి. ఒక పూటంతా దాన్ని తొక్కకుండా తిరగమనేవాణ్ణి. సాయంత్రానికి పేపరు చిరిగిందంటే టీపాయ్ పెద్దదన్నమాట. పేపరుకు పెట్టే ఖర్చేమీ లేదు. అయినా చాలామంది పరిచేవాళ్ళు కాదు, పరువు తక్కువని.

ఎత్తు సోఫా పరుపు కన్నా ఒక పిసరు కిందే ఉండాలి. కూర్చున్నవాడు ముందుకు తూలకుండా చెయ్యి చాపితే గ్లాసు అందాలి, లేచేటప్పుడు మోకాలు కొట్టుకోకూడదు. అంచుల మీద లతలూ హంసలూ చెక్కించకండి. పంచె అంచు పట్టుకుని లాగేది ఆ హంసే. మూలలు గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే నడక నేర్చుకునే పిల్లల కళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. చినుకు పడితే తలుపు ఉబ్బే ఇంట్లో పచ్చి చెక్క పెట్టారంటే ఏడాది తిరక్కుండా కాళ్ళు వంకర పోతాయి.

ఇవన్నీ పుస్తకాల్లో కూడా దొరుకుతాయి. పుస్తకాల్లో నాకు ఎక్కడా దొరకనిది ఒకటుంది. టీపాయ్ రాకముందు ఆ చోట ఏం జరుగుతుండేదో కనుక్కోమని ఎవరూ రాయలేదు.

ఆదివారాలు

ఉద్యోగం మిగతా రోజుల్లో. ఆదివారం నా అసలు పని ఉండేది. లైబ్రరీ వెనక హాల్లో మేం కొందరం చేరి సభలు పెట్టేవాళ్ళం. జాతకాలు, దిష్టి, శకునం, బాబాల విభూతి, ఏదీ వదిలేవాళ్ళం కాదు. ఎదుటివాణ్ణి వేదిక మీదికి పిలిచి వాదించడం మాకు ఇష్టం. నాకు మరీ ఇష్టం.

ఆ రోజుల్లో నా కోపమంతా వాస్తు మీద. పత్తి డబ్బుతో మా నరసరావుపేటలో కొత్త కాలనీలు లేస్తున్నాయి. ఇల్లు లేచిన ప్రతిచోటా ఒక సిద్ధాంతి లేచాడు. ఎండాకాలం ప్రాణం నిలబెట్టే గాలి వచ్చే కిటికీని మూయించేవాడు. మంచి గోడ పగలగొట్టించేవాడు. పొగ బయటికి పోయే వంటిల్లు తీసి పొగ పోని మూలకు మార్పించేవాడు. ఆ పొగ పీల్చేది సిద్ధాంతి కాదు, ఇంటి యజమానీ కాదు. వాస్తు అబద్ధం. ఈ వ్యాసం చివరికి వచ్చాక కూడా నేను ఆ మాట వెనక్కి తీసుకోను. అది ముందే చెప్పి ముందుకు పోతాను.

కోటయ్యగారి హాలు

కోటయ్యగారు పత్తి వ్యాపారి. పల్లెలో పొలం కౌలుకిచ్చి పేటకు వచ్చి ఇల్లు కట్టారు. మనిషి గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, లోపల మాత్రం అన్నిటికీ భయం. కొడుకు చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో ఉంటూ ఆదివారానికి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది కోటయ్యగారి భార్య, కోడలు. కోడలి పేరు శేషారత్నం, పదో తరగతి చదివిన పిల్ల.

ఆ ఇంట్లో చూడదగ్గది హాలు నేల. మాచర్ల నాపరాళ్ళు తెచ్చి పాలిషు పట్టించారు. నల్లగా, నున్నగా, మే నెలలో కూడా చల్లగా ఉండేది. కాళ్ళు పెడితే తీయబుద్ధి కాదు.

ఇక్కడ ఒక సంగతి నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెబుతాను, ఎందుకంటే ఈ కథలో పోయింది అదే. మధ్యాహ్నం కోటయ్యగారు కొట్టుకు వెళ్ళాక, అత్తగారు లోపలి గదిలో నడుం వాల్చాక, వీధిలోని ఆడవాళ్ళు కొందరు చేటలు పట్టుకుని ఆ హాల్లో చేరేవాళ్ళు. ఫాను కింద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేవాళ్ళు, కందులు బాగు చేసుకునేవాళ్ళు. అంతవరకు కోటయ్యగారికి తెలుసు. ఆయనకు తెలియనిది ఏమంటే, శేషారత్నం వాళ్ళకు అక్షరాలు నేర్పుతోంది. హాలు మధ్యలో ఉన్న నాపరాయే వాళ్ళ పలక. సుద్దముక్కతో దాని మీద రాసేది, చుట్టూ కూర్చున్నవాళ్ళు దిద్దేవాళ్ళు. గేటు చప్పుడైతే తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే బడి మాయం.

కోటయ్యగారు సోఫా కొన్నారు. సోఫా వెనకాలే, నేను చెప్పినట్టే, టీపాయ్ వచ్చింది. మస్తాన్ సాయిబు మనసుకు నచ్చిన టీపాయ్ అది: పెద్దది, టేకుది, పైన మందపాటి గాజు. దాన్ని దింపించడానికి నేను వెళ్ళేసరికి హాల్లో ఒక సిద్ధాంతి కూర్చుని ఉన్నాడు.

వాదం

"గోడ పక్కకి పెట్టించవయ్యా," అన్నారు కోటయ్యగారు. "నడిమధ్యన వద్దంట."

"ఎవరన్నారు?"

"నేనే అన్నాను నాయనా," అన్నాడు సిద్ధాంతి. పెద్దవాడు, మెత్తటి గొంతు. "ఇంటికి నడుమ బ్రహ్మస్థానం. అక్కడ బరువు పెడితే యజమానికి గుండె బరువెక్కుతుంది."

నాకు ఇంకేం కావాలి? ఆదివారం కాకపోయినా సభ నా ముందుకు నడిచి వచ్చింది. ఎదురింటివాళ్ళు సోఫా చూడ్డానికి వచ్చి ఉన్నారు. టీపాయ్ మోసుకొచ్చిన ఇద్దరూ దాన్ని గుమ్మంలో దించి గోడకు ఆనుకున్నారు. జనం ఉన్నారు.

"పంతులుగారూ, మీరు కూర్చుంది హాలు నడుమేగా? మీ బరువు మా టీపాయ్ కన్నా తక్కువంటారా?"

ఎదురింటాయన పక్కున నవ్వాడు. సిద్ధాంతి సర్దుకున్నాడు.

"మనిషి బరువు వేరు, వస్తువు బరువు వేరు."

"కోటయ్యగారూ, మీరు పత్తి తూకం వేస్తారుగా. మీ కాటా ఎప్పుడన్నా నువ్వు మనిషివా పత్తివా అని అడిగి తూచిందా?"

"అది అడగదయ్యో!" కోటయ్యగారు తొడ మీద కొట్టుకున్నారు. "అడిగితే మా గుమాస్తాని దూది కింద కట్టేవాణ్ణి."

"పంతులుగారూ, పైకి చూడండి. స్లాబు మోసే దూలం హాలు నడిమధ్య నుంచే పోతోంది. ఇంటి మొత్తం మీద పెద్ద బరువు అదే. దాన్ని తీయించమంటారా? తీయిస్తే యజమాని గుండె సంగతి ఏమో గానీ తల సంగతి నేను చెప్పలేను."

అప్పుడు నా చూపు నేల మీద పడింది. నడిమి రాయి మీద తుడిచీ తుడవని తెల్లగీతలు ఉన్నాయి. ఒక వంపు, ఒక సున్నలాంటిది, ఇంకేదో కొక్కెంలాంటిది. సిద్ధాంతి గీసిన యంత్రమనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఇంకేదైనా అయివుండొచ్చన్న ఆలోచనే రాలేదు.

"ఇదిగో, ఇంకా ఏం కావాలి!" అన్నాను. "చదువుకున్న ఇంట్లో నేల మీద ఈ పిచ్చిగీతలు. చూడండి, తొక్కుతున్నాను. నాకేమవుతుందో చూడండి." కాలితో రుద్దాను. సుద్ద తేలిగ్గా పోయింది.

"అయ్యి నేను గీసినయి కాదు నాయనా," అన్నాడు సిద్ధాంతి.

నవ్వుల్లో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు ఆయన చెప్పిన ఒక్క నిజం అది. దాన్ని కూడా నేను అబద్ధాల్లో కలిపేశాను.

"భలే కొట్టావయ్యా దెబ్బ!" కోటయ్యగారు లేచి నిలబడ్డారు. "పంతులుగారూ, ఏమనుకోమాకండి, ఈయన మాటకి మీ దగ్గర జవాబు లేదు. ఒరేయ్, పెట్టండ్రా నడిమధ్యలో! ఏమయ్యిద్దో నేనూ చూస్తా."

పెట్టించాను. నాలుగు వైపులా కొలిచి, గాజు మట్టంగా ఉందో లేదో చూసి మరీ పెట్టించాను. శేషారత్నం టీ గ్లాసులు తెచ్చింది. కొత్త టీపాయ్ మీద మొదట పెట్టినవి అవే. "చూశావా అమ్మా, ఇప్పుడు ఒక్కొక్కరి చేతికీ అందించే పని తప్పింది నీకు," అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసి, ఖాళీ ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దుకాణానికి తిరిగి వచ్చి మస్తాన్ సాయిబుకు అంతా అభినయంతో సహా చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు. "గాజు పగల్లేదుగా?"

మరకలు తీయడానికి వెళ్ళినప్పుడు

కొన్నాళ్ళకు కోటయ్యగారి నుంచి కబురు. వేడి గ్లాసులు పెట్టి పెట్టి చెక్క అంచు మీద గుండ్రటి మరకలు పడ్డాయట. నేను మధ్యాహ్నం పాలిషు డబ్బా తీసుకుని వెళ్ళాను. ఆయన ఇంట్లో లేరు. అత్తగారు లోపల నిద్రపోతున్నారు. శేషారత్నం తలుపు తీసి, నేను మరకలు రుద్దుతుంటే కాస్త దూరంగా నిలబడింది.

"మీరు ఆ రోజు చానా బాగా మాట్టాడారండీ," అంది. "తలుపు పక్కన నిలబడి విన్నా. ఒక్కటి కూడా కాదనేదానికి లేదు."

నాకు సంతోషం వేసింది. ఆడవాళ్ళను సభలకు రప్పించలేకపోతున్నామని మా వాళ్ళ బాధ. "నీకు కూడా వాస్తు మీద నమ్మకం లేదన్నమాట."

"ఎప్పుడూ లేదండీ. ఆ సిద్ధాంతిగారిని పిలిపించింది నేనే."

రుద్దడం ఆపాను. "నమ్మకం లేకుండా ఎందుకు పిలిపించావమ్మా?"

"ఆ చోటు నాకు కావాలంటే మావయ్య ఇవ్వరు. దేవుడికి కావాలంటే ఇస్తారు."

తర్వాత బడి సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు, నిష్ఠూరం ఆడలేదు. సిద్ధాంతి వాళ్ళ పుట్టింటివైపు వాడట. కోటయ్యగారు టీపాయ్ కొంటున్నారని తెలిసి ఆయన్ను బతిమాలి పిలిపించుకుందట. నడుమ బరువు పెట్టకూడదని ఒక్క మాట అనిపించడానికి. ఆయన ఆ మాట అన్నాడు. కోటయ్యగారు ఒప్పుకున్నారు. అంతలో నేను వచ్చాను.

"మీరు కాలితో చెరిపింది మా రాతే. ఆ రోజు మావయ్య ముందే వచ్చారు, గేటు చప్పుడైతే గబగబా తుడిచాం, పూర్తిగా పోలా."

నాకు తెలిసిన విద్య మొదలుపెట్టాను. వేరే చోటు చూద్దామన్నాను. "పడగ్గదిలో?"

"పడగ్గదిలోకి బయటోళ్ళని రానిస్తారా మా అత్తయ్య?"

"వసారాలో?"

"రోడ్డు మీద పోయే మగోళ్ళంతా చూస్తారు. వెనక వీధి సైదమ్మ ఉంది, వాళ్ళాయనకి తెలిస్తే కాళ్ళిరగ్గొడతాడు. 'అక్షరాలు నేర్చుకుని ఎవుడికి ఉత్తరాలు రాస్తావే' అంటాడంట."

"వంటింట్లో?"

"సిమెంటు గచ్చండీ. సుద్ద కనపడదు. వెలుతురూ లేదు."

"పలకలు కొందాం. నేను తెస్తాను."

"పలకలుంటే పలకలు కనపడతయ్యి గదండీ. రాయి మీదయితే తుడిస్తే పోద్ది."

"పోనీ మధ్యాహ్నం పూట దీన్ని కాస్త పక్కకు జరిపి..."

ఆమె మొదటిసారి నవ్వింది. "ఇద్దరు మగోళ్ళు రొప్పుకుంటా మోసుకొచ్చారు. మేం ఈడిస్తే రాయి మీద గీత పడిద్ది. అదేందని మావయ్య అడిగితే ఏం చెప్పను?"

నేను కొలిచి అమ్మిన బరువు అది. కొలతల్లో ఎక్కడా పొరపాటు లేదు.

రెండోసారి అదే హాల్లో

పాలిషు ఆరేదాకా ఉండిపోయి కోటయ్యగారు వచ్చాక మాట్లాడాను. శేషారత్నం పేరు ఎత్తకుండా పని జరగాలి. టీపాయ్‌ను గోడ వైపుకు జరిపితే నడవడానికి బాగుంటుందని చెప్పాను.

ఆయన నా ముఖం తేరిపార చూశారు. "ఏందయ్యా, ఆ పంతులు నిన్ను కూడా కలిశాడా?"

"వాస్తు సంగతి కాదండీ. వాడకం సంగతి."

"వాడకానికేం, బ్రహ్మాండంగా ఉంది. ఇంటికి ఎవురొచ్చినా చూపిస్తన్నా. వాస్తుని కాదని నడిమధ్య పెట్టిన బల్ల ఇది, నాకేమయింది చూడమంటన్నా. మొన్న ఈపూరు నుంచి మా వియ్యంకుడొచ్చాడు, ఆయన చేత కూడా వాళ్ళింట్లో నడిమధ్య పెట్టిస్తన్నా. నువ్వు చెప్పిన కాటా మాట నేనే చెప్తన్నా అందరికీ."

నా విజయం అంత బాగా వేళ్ళూనుకుంది.

అప్పుడు నాకు ఒక దారి కనిపించింది. 'కోటయ్యగారూ, నేను పొరపడ్డాను. నడుమ బరువు మంచిది కాదు. మొన్న ఒక ఇంట్లో ఇలాగే పెడితే ఆయనకు గుండెనొప్పి వచ్చింది' అంటే చాలు. ఆయన నవ్వు వెనక ఉన్న భయం నాకు తెలుసు. ఆ సాయంత్రమే బల్ల గోడకు చేరేది. మరునాడు మధ్యాహ్నం బడి మొదలయ్యేది. మాట నాలిక దాకా వచ్చింది. కానీ ఆదివారం ఆదివారం నిలబడి దేన్నయితే అబద్ధమని చాటానో దాన్ని నా నోటితో అనలేకపోయాను.

దాని బదులు నిజంలో ఒక ముక్క చెప్పాను. "ఇంట్లో ఆడవాళ్ళు మధ్యాహ్నం కింద కూర్చుని పని చేసుకోవడానికి చోటు లేకుండా పోయింది కదండీ."

"ఎవురన్నారు?"

ఆయన లోపలికి కేకేశారు. "అమ్మా శేషారత్నం! ఇట్రా. ఈ బల్ల నీకు అడ్డంగా ఉందంటన్నాడు ఈయన. ఉందా?"

శేషారత్నం వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మామ వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"లేదు మావయ్యా."

"ఇన్నావా? మా ఇంటి ఆడోళ్ళకి లేని బాధ నీకెందుకయ్యా? నువ్వు పెట్టిన బల్లేగా ఇది!" అని నా భుజం తట్టి నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. తన ఇంట్లో ఎవరికేం కావాలో తనకు తెలుసని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. మూఢనమ్మకం అంటే మనం జాతకాల గురించే మాట్లాడతాం. దీని గురించి నేను ఒక్క సభ కూడా పెట్టలేదు.

కొత్తవాళ్ళతో

ఇంతదాకా విన్నవాళ్ళు నన్ను రెండు రకాలుగా సమాధానపరుస్తారు. మా సభల మిత్రులు, నువ్వు అబద్ధం ఆడకపోవడమే మంచిదంటారు. ఇంకొందరు, అబద్ధం ఆడితే ఏం పోయింది, నలుగురు ఆడవాళ్ళు చదువుకునేవాళ్ళుగా అంటారు. ఇద్దరూ నేను రెండోసారి వెళ్ళిన రోజు గురించే మాట్లాడుతున్నారు. నా బాధ మొదటి రోజు గురించి.

మొదటి రోజు నాకు ఎదురుగా ఒక అబద్ధం ఉంది. దాన్ని పడగొట్టడం ఎలాగో నాకు తెలుసు. అది ఎందుకు అక్కడ నిలబడి ఉంది, దాన్ని ఎవరు నిలబెట్టుకున్నారు, దాని చాటున ఎవరు కూర్చుని ఉన్నారు అని అడగలేదు. పాత ఇల్లు పడగొట్టేవాడు కూడా లోపల మనుషులున్నారేమోనని ఒక కేక వేస్తాడు. నేను ఆ కేక కూడా వేయలేదు. వేసి ఉంటే అబద్ధమాడకుండానే ఆ చోటు దక్కేది. గోడ పక్కన పెడితే నడవడానికి బాగుంటుందని ఆ రోజే అంటే, సిద్ధాంతి తన కారణం చెప్పుకునేవాడు, నేను నా కారణం చెప్పుకునేవాణ్ణి, బల్ల గోడకే పోయేది. నిజం చెప్పడానికి సమయం ఉన్నప్పుడు నేను గెలవడంలో మునిగి ఉన్నాను.

ఆ తర్వాత నా పని తీరు మారింది. హాలు కొలవడానికి సాయంత్రం వెళ్ళడం మానేశాను. సాయంత్రం వెళితే యజమాని ఉంటాడు, మనకు కాఫీ ఇప్పిస్తాడు, తన హాలు గురించి తనే చెబుతాడు. మధ్యాహ్నం వెళ్ళండి. నేల మీద ఎక్కడ నునుపు తేలిందో చూడండి. చాప ఏ మూల చుట్టి ఉందో, చేట ఎక్కడ ఆనించి ఉందో చూడండి. గుమ్మంలో నిలబడ్డ మనిషిని అందరి ముందూ అడగకండి, నేను అడిగించినట్టు. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. అడిగి, చెప్పేదాకా ఆగండి.

బరువు టీపాయ్‌లు అమ్మడం కూడా తగ్గించాను. పేముతో అల్లినవి, ఒకదాని కింద ఒకటి దూరే చిన్నబల్లలు, ఒక చేత్తో ఎత్తి పక్కన పెట్టగలిగినవి చేయించేవాణ్ణి. "ఇయ్యి పగలవు, ఇరగవు, నా కొట్టు మూయించడానికి పుట్టావయ్యా నాస్తికం సారూ," అని మస్తాన్ సాయిబు సణిగేవాడు. సణుగుతూనే చేయించేవాడు. అలాంటి ఒకటి తీసుకెళ్ళి మార్చుకోమని కోటయ్యగారిని అడిగాను. ఆయన నొచ్చుకున్నారు. ఆ పెద్ద బల్ల అప్పటికి ఆయన ధైర్యానికి గుర్తు అయిపోయింది. తర్వాత శేషారత్నం చిలకలూరిపేటలో కాపురం పెట్టింది. మళ్ళీ నాకు కనపడలేదు. అక్కడి ఇంటి నేల ఎలాంటిదో నాకు తెలియదు.

బస్టాండులో

దశకం చివర్లో ఒకరోజు నరసరావుపేట బస్టాండులో నిలబడి ఉన్నాను. సంచి చంకలో పెట్టుకుని ఒకామె దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఇది ఈపూరు బస్సేనా?"

"అవునమ్మా, ఈపూరే."

"నేననుకుంటానే ఉన్నా. మొదట్లో 'ఈ' కనపడింది. ఆ పక్కయ్యి ఏందో తెలవలా. ఇనుకొండక్కూడా ముందు 'ఇ'నే గదా, అందుకని అడిగా."

"చదువుకున్నావా అమ్మా?"

"నేనేడ చదివా! కోటయ్యగారి కోడలని ఒక పిల్ల నేర్పింది, మహాతల్లి. అచ్చులొచ్చినయ్యి. హల్లులకి వచ్చేతలికి ఎవడో సచ్చినోడు వచ్చి మేం దిద్దుకునే చోట పెద్ద బల్ల పెట్టించి పోయాడు." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "చానా చదువుకున్నోడంట."

వెనక వీధి సైదమ్మ ఈమేనా అని అడగాలనుకున్నాను. అడిగితే నేనెవరో చెప్పాలి. కండక్టరు బస్సు మీద అరచేత్తో కొడుతున్నాడు. నేను బోర్డు వైపు చెయ్యెత్తి చూపించాను.

"ఆ రెండోది 'పూ', అమ్మా. పూలలో పూ. దాని పక్కది..."

ఆమె ఒక్క క్షణం కళ్ళు చిట్లించి అటు చూసింది. పెదాలు కదిలాయి. బస్సు కదిలింది.

"ఇప్పుడు చెపితే ఎట్టా అన్నా, బస్సెళ్ళిపోతంది!" అంటూ పరిగెత్తి ఎక్కేసింది.

బోర్డు బస్సుకు ముందు వైపు ఉంటుంది. ఎక్కినవాళ్ళకు కనపడదు.